ఎనిమిది క్లబ్బులు, ఒక్క ఫ్లెక్సీ

మా బడిలో క్లబ్బులు ఎనిమిది. ఫ్లెక్సీ మాత్రం ఒక్కటే. పైన బడి పేరు, కింద "క్లబ్ కార్యక్రమం" అన్న అక్షరాలు, మధ్యలో మూరెడు ఖాళీ. ఆ ఖాళీలో డ్రాయింగ్ షీటు ముక్క అతికిస్తే చాలు, క్లబ్బు పుట్టేస్తుంది. సైన్సు క్లబ్బు అని అతికించి ఫోటో తీస్తాం. అది పీకి గణిత క్లబ్బు అని అతికిస్తాం. ఆ తర్వాత ఇంగ్లీషు, ఆరోగ్యం, పుస్తకాలు, పర్యావరణం. శనివారం చివరి రెండు పీరియడ్లలో ఎనిమిదీ నడిచిపోతాయి. ముందు వరుసలో నిలబడేది ఎప్పుడూ ఆ పదిమందే, యూనిఫాం మాయనివాళ్లు. పర్యావరణ క్లబ్బు చేతిలో ఉండే వేప మొక్క కూడా ఒక్కటే. దాన్ని మూడేళ్లుగా నల్ల ప్లాస్టిక్ సంచిలోనే పెంచుతున్నాం. నాటేస్తే మళ్లీ శనివారం ఏం పట్టుకోవాలి? పోచారం అడవి చూపిస్తామని ఆ క్లబ్బు పిల్లలకు ప్రతి జూన్‌లోనూ చెబుతాం. ఇంతవరకు ఒక్కరూ చూడలేదు.

నవ్వుకోండి. ఒకప్పుడు నేనూ నవ్వేదాన్ని.

ఫోటో తీసిన వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెట్టగానే కింద బొటనవేళ్లు మొలుస్తాయి. బొటనవేలు పడిందంటే పని అయినట్టే. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టామా, మరుగుదొడ్డి కడిగించామా, పాఠం చెప్పామా, అన్నింటికీ అదే సాక్ష్యం. కాగితం అడిగేవాడే లేడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా చేతికి పట్టిన అలవాటు అదొక్కటే: కాగితం కనబడితే ఫోను తీయడం.

నేను జీవశాస్త్రం చెబుతాను. కామారెడ్డిలో ఇల్లు. పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కి, అక్కడ దిగి షేర్ ఆటోలో బడికి చేరతాను. నిరుడు ఎండాకాలం సెలవుల్లో మా ఆయన పోయారు. పొద్దున్నే పాలపాకెట్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదు. అంతే. అందులో చెప్పడానికి ఇంకేమీ లేదు. ఆ పాలు ఎవరు కాచారో, అసలు కాచారో లేదో కూడా నాకు తెలియదు.

"ఏడువు బిడ్డా, ఏడిస్తె దిగుతది" అని చుట్టాల ఆడవాళ్లు వీపు నిమిరారు. నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకడానికి మత్తు సూది ఇస్తారు చూడండి, దవడ ఉందని తెలుస్తుంది, కొరుక్కున్నా నొప్పి తెలియదు. మనిషినంతా అలా చేసి వదిలేసినట్టు ఉండేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసి అదే తినేదాన్ని. తేడా తెలిసేది కాదు.

బడి తెరిచిన రోజు హెడ్మాస్టరు పిలిచారు. "మేడం, క్లబ్బులన్ని మీరు చూస్కోండ్రి. జర మనసు మళ్లుతది" అన్నారు. ఆటలు చెప్పే సారు పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి ఆటలు కూడా నాకే. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టయింది నా పని. అయినా సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరేననేదాన్ని.

ఆయన మంచి మనిషే. మర్నాడు ప్రార్థనలో నేను రాకముందే పిల్లలకు ఒక మాట చెప్పారట. "టీచర్ కష్టంల ఉన్నది. ఎవ్వలు సతాయించొద్దు. ఏదన్న కావాలంటే నన్ను అడుగుండ్రి." మా పిల్లలు చెప్పిన మాట వినరని ఎవరన్నారు? అక్షరాలా విన్నారు. అంతకుముందు నా పీరియడ్‌లో "టీచర్, నీళ్లకు పోవాల్నా", "టీచర్, ఇది రాయాల్నా", "టీచర్, వీడు గిచ్చుతుండు" అని ప్రాణం తోడేవాళ్లు. ఇప్పుడు గదిలో చీమ చిటుక్కుమనేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ నిశ్శబ్దం నాకు హాయిగానే ఉండేది.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. సన్నగా, నల్లగా, రెండు జడలు మడిచి కట్టి ఉండేది. శనివారాలు నా టేబుల్ సొరుగులోంచి డ్రాయింగ్ షీటు ముక్కలు తీసి ఫ్లెక్సీకి అతికించేది ఆ అమ్మాయే. అతికించేసి, ఫోటోలో నిలబడకుండా, చెప్పులు ఓ మూల విప్పి గ్రౌండులోకి పరుగెత్తేది. ఎనిమిది క్లబ్బులలోనూ లేని ఖోఖో అక్కడ నిజంగా జరిగేది.

వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. నాన్న మస్కట్‌లో పని. తల్లిదండ్రుల మీటింగు రోజున వాళ్లమ్మ నా ముందు కూర్చుంది. వేళ్లకు జర్దా వాసన.

"మేడం, దీనికి ఆటల పిచ్చి పట్టింది. చేట ముంగట కూసుండవెడితే బీడీలు తక్కువ, కాళ్లు ఊపుడు ఎక్కువ."

"మంచిగ ఆడుతది" అన్నాను.

"ఆడితే ఏమొస్తది? పది అయినంక ఇంట్లనే ఉండి బీడీలు చుట్టుకోమన్న. ఇదేమో కామారెడ్డిల కాలేజీకి పోత, హాస్టల్ల ఉంట అని ఒక్కటే పోరు."

అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. "రాష్ట్రం ఆటలకు పోతే పంపిస్తవా?" అంది.

వాళ్లమ్మ నవ్వింది. "పో. రాష్ట్రం దాక పోతే పంపిస్త. గని ఓడిపోయి ఒచ్చినవనుకో, నోరు మూస్కొని చేట ముంగట కూసోవాలె. మళ్ల కాలేజీ అన్నవంటే చూడు."

"మాటంటే మాటనే?"

"మాటనే. ఇగో, మేడమే సాక్షి."

సాక్షి అట. నేను తలూపాను.

మండలం ఆటలు ఎల్లారెడ్డిలో జరిగాయి. వాన వెలిసి గ్రౌండు ఇంకా చిత్తడిగానే ఉంది. మా అమ్మాయి వట్టి కాళ్లతో దిగింది. వరుసలో కూర్చున్న ఎనిమిది మందీ ఒకరి తర్వాత ఒకరు లేచి తరిమినా ఒక్కరి చేతికీ చిక్కలేదు. అవతలి బడి సారు నా పక్కకొచ్చి, "ఈ పొల్ల ఎవల బిడ్డ మేడం? సబ్బు లెక్క జారుతుంది!" అన్నాడు. ఆట అయ్యాక రొప్పుతూ నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడింది. మోకాళ్ల దాకా బురద. ఏదో ఒక మాట కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు. దగ్గరికి తీసుకోవాలనీ తెలుసు. తెలియడం వేరు, చెయ్యి లేవడం వేరు. "నీళ్లు తాగు" అన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసి, నీళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

జిల్లా ఎంపికలకు మా బడి నుంచి ఆ అమ్మాయి ఒక్కతే. అక్కడ ఎంపికైతే జిల్లా జట్టుతో రాష్ట్రానికి. దానికొక దరఖాస్తు కాగితం ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, హెడ్మాస్టరు సంతకం, స్టాంపు. దాన్ని సోమవారం లోగా కామారెడ్డిలో జిల్లా ఆటలు చూసే సారుకు ఇవ్వాలి. నేను ఉండేదే కామారెడ్డి. బస్టాండులో దిగి ఇంటికి నడిచే దారిలోనే ఆయన ఆఫీసు.

బుధవారం ఆ అమ్మాయి స్టాఫ్ రూములో నా ఎదురుగా కూర్చుని దరఖాస్తు నింపింది. గమ్ సీసా ఎండిపోయి ఉంటే మధ్యాహ్న భోజనం పళ్లెంలోంచి రెండు మెతుకులు తెచ్చి ఫోటో అతికించింది. అతికించి, అరచేత్తో చాలాసేపు ఒత్తిపట్టింది. నేను ఫోను తీశాను. కాగితాన్ని ఫోటో తీశాను. గ్రూపులో పెట్టాను. బొటనవేళ్లు పడ్డాయి. ఆటలు చూసే సారు బొటనవేలు కూడా అందులో ఉంది. కాగితాన్ని సొరుగులో, డ్రాయింగ్ షీటు ముక్కల పైన పెట్టాను. అయిపోయింది.

అసలు కాగితం చేతికివ్వాలని దాని కిందనే రాసి ఉంది. నేను చదవలేదు. రోజూ ఆ ఆఫీసు ముందునుంచే ఇంటికి నడిచాను.

తర్వాతి బుధవారం ఎంపికలు. పొద్దున వాళ్లమ్మ ఎల్లారెడ్డిలో బస్సెక్కించింది. నేను కామారెడ్డి బస్టాండులో దింపుకున్నాను. కొత్త రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టును మడిచి ఇంకా చేతిలోనే పట్టుకుంది. దారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. భయం కాబోలు అనుకున్నాను.

గ్రౌండులో షామియానా కింద టేబుల్ వేసుకుని ఆ సారు పేర్లు చదువుతున్నాడు. అందరివీ అయిపోయాయి. మాది రాలేదు.

"సార్, మా పిల్ల పేరు?"

లిస్టు పైనుంచి కిందకి వేలు జరిపాడు. "లేదు మేడం."

"గ్రూపుల పెట్టిన గద సార్. మీరు బొటనవేలు గూడ పెట్టిండ్రు."

"అయ్యో మేడం, గ్రూపుల దినాం వందొస్తయి. అన్నిటికి పెడత. ఫోటోల మీద ఆడిపిస్తరా ఎక్కడన్న? అసలు కాగితం ఏది?"

"బడిల ఉన్నది."

"సోమవారం సాయంత్రం దాక కూసున్న. మీది కామారెడ్డే గద? ఇట్ల ఒచ్చి ఇచ్చిపోతే అయిపోతుండె."

"తప్పయింది. పిల్ల ఒచ్చింది సార్. ఆడనియ్యుండ్రి."

"ఒక్కరికి ఒప్పుకుంటే ఇంక ఇరవై మంది నిలబడ్తరు మేడం. లిస్టు పోయింది. నా చేతిల లేదు." ఆయన గొంతులో కటువు లేదు. అదే ఇంకా కష్టం. "పిల్లకు భోజనం ప్యాకెట్ ఇప్పించుండ్రి, తిని పోండ్రి" అన్నాడు.

వెనక్కి తిరిగాను. అమ్మాయి అంతా వింది. నా మీద నాకు కోపం రావాలి కదా? రాలేదు. కాళ్ల మీద పడి వేడుకోవాలి కదా? బుద్ధి పుట్టలేదు. ఎవరిదో ఇల్లు కాలుతుంటే బస్సు కిటికీలోంచి చూసినట్టు చూశాను. ఆ అమ్మాయి సున్నం గీత బయట కూర్చుని మొదటి ఆట మొత్తం చూసింది. తరిమేవాళ్లు తప్పు పక్కకి తిరిగినప్పుడల్లా దాని భుజం అవతలి పక్కకి కదిలేది. అన్నం ప్యాకెట్ విప్పలేదు.

చివరికి లేచి వచ్చింది. "టీచర్, ఒక్క ఫోటో తీయుండ్రి."

జిల్లా ఎంపికలు అని రాసిన పెద్ద ఫ్లెక్సీ ముందుకు వెళ్లి, టీషర్టు కిందికి గుంజుకుని నిలబడింది. మా బడిలో ఏ క్లబ్బు ఫోటోలోనూ లేని అమ్మాయి. తీశాను.

"మా అమ్మ ఫోన్‌కు పంపుండ్రి."

పంపాను. ఎందుకని అడగలేదు. సాయంత్రం ఎల్లారెడ్డి బస్సెక్కించి, ఇంటికెళ్లి, పడుకున్నాను.

మర్నాడు పొద్దున స్టాఫ్ రూములో నా టేబుల్ మీద ఒక టిఫిన్ బాక్సు ఉంది. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మా అమ్మ ఇచ్చింది టీచర్. సర్వపిండి."

"ఎందుకు?"

"ఫోటో చూసి గెలిచిన అనుకున్నది. మా బాపుకు గూడ పంపింది. బాపు స్టేటస్ పెట్టుకుండు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

చెప్పేసి క్లాసుకు వెళ్లిపోయింది. మూత తీశాను. బియ్యప్పిండి రొట్టెలో నువ్వులు, శనగపప్పు, కరివేపాకు, అంచులు ఎర్రగా కాలాయి. ఇంకా వెచ్చగా ఉంది. ఓ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. కారం చురుక్కుమంది. ఎన్ని నెలలకో నాలుకకు ఒక రుచి తెలిసింది. తెలిసినందుకు ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు, మూత మళ్లీ పెట్టేశాను. ఛీ, సిగ్గు లేదూ నాకు, ఇది ఎలా తింటాను?

ఆ సాయంత్రం బడి వదిలాక అమ్మాయి వెంటే వాళ్లింటికి నడిచాను. వాళ్లమ్మ గడపలో కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"లేవకు. కూసో. ఒక మాట చెప్పాలె" అన్నాను. నిలబడే చెప్పాను. "నీ బిడ్డ గెలువలే. ఓడలే. ఆడనే లేదు. కాగితం నేను ఇయ్యలే. నా ఇంటి తొవ్వలనే ఆఫీసు ఉంటే గూడ ఇయ్యలే. ఫోటో పెట్టి ఊకున్న. తప్పు నాది."

వాళ్లమ్మ చేతిలో కత్తెర ఆగింది. నన్ను చూసి, బిడ్డను చూసింది. "నిన్న ఒచ్చినంక చెప్పకపోతివేందే?"

"చెప్తే టీచర్‌ను తిడ్తవని."

"కాగితం ఇయ్యలేదని నీకు నిన్ననే తెలిసిందా?"

అమ్మాయి గోడకు ఆనుకుని, కాలి బొటనవేలితో నేల గీకింది. తర్వాత మెల్లగా అంది. "శనివారమే చూసిన. ముక్కల కోసం డ్రా తీస్తే కాగితం అండ్లనే ఉండె."

"మరి మేడంను అడగొద్దా?"

"టీచర్‌ను సతాయించొద్దని పెద్దసారు చెప్పిండు. అయినా అడుగుదామని రెండు మార్లు పోయిన. టీచర్ కిటికీలకెళ్లి బయటికి చూస్తుండె. ఆ మొకం చూసి అడగబుద్ధి కాలే."

అప్పుడు తగిలింది. మత్తు దిగాక పన్ను పీకిన చోట తగులుతుంది చూడండి, అలా. పదిహేనేళ్ల పిల్ల తన కాలేజీని తన కళ్లతో సొరుగులో చూసి, నా మొహం కోసం సొరుగు మూసేసింది. నా దుఃఖాన్ని అందరూ దేవుడి పటంలా గోడకెత్తి పెట్టారు, నేను కదలకుండా అందులో కూర్చున్నాను, దాని కింద ఈ పిల్ల నలిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అడగాలె!" అని అరిచాను. "నా మొకం ఏం చూస్తున్నవే? గుంజి అడగాలె! కాగితం తెచ్చి నెత్తి మీద కొట్టి అడగాలె! పెద్దసారు చెప్తే మాత్రం, నోరు లేదా నీకు?"

వాకిట్లో కోడి ఒకటి బెదిరి పారిపోయింది. అమ్మాయి బిక్కచచ్చిపోయింది. వాళ్లమ్మ మాత్రం కత్తెర కింద పెట్టి నన్ను నిదానంగా చూసింది.

"తప్పు మీదన్నరు గద మేడం ఇప్పుడే. మళ్ల పిల్లను ఎందుకు తిడ్తున్నరు?"

రెండడుగులు వెనక్కి వేశాను.

"చాయ్ తాగుతరా?" అంది. వద్దన్నాను. "అయితే పోండ్రి. చీకటైతది, ఆటోలు దొరకయి." కాలేజీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సాక్షినే తప్పు చేశాక ఇంకేం మొహం పెట్టుకుని అడగను? వెళుతూ అమ్మాయితో ఒక్కటే అన్నాను. "ఇగ ఏదున్నా నన్ను అడుగు. నా మొకం చూడకు."

మర్నాడు పొద్దున క్లాసులోకి వెళ్లి అందరికీ అదే చెప్పాను. మీ పెద్దసారు మాట రద్దు, అడగాల్సింది అడగండి అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు, "టీచర్, పోచారం ఎప్పుడు తీస్కపోతరు?" అన్నాడు. వాడి వీపు విమానం మోత మోగించాలనిపించింది. అలా అనిపించి ఎన్నాళ్లయిందో! ఆ శనివారం వేప మొక్కను సంచి చింపి గోడ పక్కన నాటించాను. పిల్లలంతా చుట్టూ చేరి నీళ్లు పోశారు. ఫోటో తీయడం మరిచిపోయాను. గ్రూపులో ఎవరూ అడగలేదు కూడా.

ఇదంతా అయ్యాక నేను మారిపోయానని అనుకోవద్దు. చలికాలమంతా మళ్లీ ఆ మొద్దుతనమే. పదో తరగతి పరీక్షలయ్యాయి. ఆ అమ్మాయి ఫస్టు క్లాసులో పాసైంది. చేట ముందు కూర్చునే ఉంటుందనుకున్నాను. ఫోను చేయడానికి ధైర్యం చాలలేదు.

మొన్న, మా ఆయన సంవత్సరీకం అయిన నాలుగో రోజు, పొద్దున్నే తలుపు చప్పుడైంది. చూస్తే ఆ అమ్మాయి. చేతిలో జీరో టికెట్టు, చంకలో ప్లాస్టిక్ కవరు.

కూర్చుని కవరులోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. కామారెడ్డి కాలేజీ దరఖాస్తు. హాస్టల్ కావాలి అన్న చోట టిక్కు. కింద వాళ్లమ్మ సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా, నొక్కి నొక్కి రాసింది.

"ఒప్పుకున్నదా?"

"మా అమ్మ ఏమన్నదంటే..." అమ్మాయికి నవ్వు ఆగలేదు. "ఓడిపోయి ఒస్తే చేట ముంగట కూసోమన్న, నువ్వు ఓడలే గద, ఆడనే లేదు, ఆ లెక్కన నా మాట తప్పినట్టు గాదు, పో అన్నది."

ఎంత ఆలోచించి ఉంటుందో ఆ తల్లి! నెలల తరబడి ఆకు కత్తిరిస్తూ తన మాటకు తనే సందు వెతుక్కుని ఉంటుంది. సంతోషం వేసింది నాకు. ఇది సంతోషమే అని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

నా చెయ్యి దానంతటది ఫోను తీసింది. కాగితం కనబడింది మరి. ఫోటో తీయబోతుంటే అమ్మాయి దరఖాస్తు మీద అరచెయ్యి పెట్టేసింది, ఆ రోజు మెతుకులతో అతికించిన ఫోటోను ఒత్తిపట్టినట్టే.

"వద్దు టీచర్. నేనే పోయి ఇచ్చొస్త."

ఫోను కింద పెట్టాను. అమ్మాయి కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. ఈసారి నా మొహంలోకి సూటిగానే చూసింది.

"టీచర్, ఒకటి అడగాల్నా?"

"అడుగు."

"నాతోని ఒస్తరా? ఒక్కదాన్నే పోవాలంటే భయమైతుంది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కనబడకుండా వంగి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాను.